బావగారి ప్యానెల్ ఫ్యాక్టరీ

ప్రశ్న: నమస్కారమండీ. మాది పల్నాడు జిల్లా. ఏడేళ్లుగా ఇళ్ల మీద సోలార్ బిగించే పని చేస్తున్నాను. నా దగ్గర ఎనిమిది మంది కుర్రాళ్లు ఉన్నారు. ఇంటి మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం వచ్చాక పని పెరిగింది గానీ, సబ్సిడీకి కావలసిన డీసీఆర్ (దేశంలోనే చేసిన) ప్యానెళ్లు చెప్పిన రోజుకు రావు, వచ్చినా రేటు ఎక్కువ. మా బావగారు (అక్క భర్త) జిన్నింగ్ మిల్లు నడిపి, నష్టాలొచ్చి మూసేశారు. షెడ్డు, హెచ్‌టీ కరెంటు కనెక్షన్ అలాగే ఉన్నాయి. "ప్యానెళ్లకు ఇంత కరువుంటే మనమే తయారు చేద్దాం, చైనా సరుకు మీద 40 శాతం సుంకం ఉంది, ప్రభుత్వం వెనకాల ఉంది" అంటున్నారు. ఒక కన్సల్టెంటును కూడా తీసుకొచ్చారు. ఏడాదికి 100 మెగావాట్ల ప్యానెళ్లు చేసే లైను అట. బావగారు 4 కోట్లు, నేను 2 కోట్లు, మిగతాది బ్యాంకు. నా 2 కోట్ల కోసం అమ్మ పేరున ఉన్న పొలం అమ్మాలి. కాదంటే అక్క మనసు నొచ్చుకుంటుంది. ఏం చేయమంటారు?

ఇంకో చిన్న సంగతి. 2013లో ఎవరో బిగించిన ప్యానెళ్లున్న ఒక ఆసామి రోజూ ఫోన్ చేస్తున్నాడు, కరెంటు తగ్గిపోయిందని. 25 ఏళ్ల వారంటీ కార్డు ఉంది, ఇచ్చిన కంపెనీ లేదు. ఆయనకేం చెప్పాలి?

జవాబు: పొలం అమ్మకండి. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే మిగతా ఉత్తరం చదివేలోపు బావగారు అడ్వాన్సు తీసుకునేలా ఉన్నారు.

అలాగని ఆయన్ని తెలివితక్కువవారని అనను. ఆయన చూసినవన్నీ నిజాలే. 2022 ఏప్రిల్ 1 నుంచి బయటి ప్యానెళ్ల మీద 40 శాతం, ప్యానెల్ లోపల ఎండను కరెంటుగా మార్చే సెల్స్ మీద 25 శాతం సుంకం వేశారు. 2025 బడ్జెట్‌లో దాన్ని సుంకం కొంత, సెస్సు కొంతగా విడగొట్టారు. మొత్తం కలిపితే ప్యానెల్ మీద అదే 40, సెల్ మీద 27.5. ఏఎల్‌ఎంఎం అనే ఆమోదిత జాబితాలో పేరున్న ప్యానెళ్లనే ప్రభుత్వ పథకాల్లో వాడాలన్న నియమం ఉంది. ఉత్పత్తిని బట్టి ఇచ్చే పీఎల్‌ఐ ప్రోత్సాహకం కింద రెండు విడతల్లో 24,000 కోట్లు పెట్టారు. ఇవన్నీ పేపర్లో చదివినవాడికి, అదీ ఖాళీ షెడ్డు ఉన్నవాడికి, చేతులు ఊరుకోవు.

అయితే ఆయన ఒకచోట తప్పటడుగు వేశారు. ఆ అడుగు మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. "ప్యానెళ్లకు కరువుంది" అన్నారు. మన దేశంలో ప్యానెళ్లకు కరువు లేదు. కరువున్నది సెల్స్‌కి.

మీ షెడ్డులో లారీ దించేటప్పుడు పగిలిన ప్యానెల్ ఒకటైనా పడి ఉంటుంది. ప్రతి ఇన్‌స్టాలర్ దగ్గరా ఉంటుంది, పారేయబుద్ధి కాదు. ఒక ఆదివారం బావగారిని పిలిచి దాన్ని బల్ల మీద బోర్లా వేయండి. చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము నాలుగు ముక్కలు. ఇది మన దగ్గర దొరుకుతుంది, కాకపోతే చైనా నుంచి తెచ్చుకున్నదానికన్నా ఖరీదు పడుతుంది. వెనక నల్లడబ్బా, జంక్షన్ బాక్సు. దాన్నీ మనవాళ్లు చేస్తున్నారు. ముందున్న గాజు మామూలు కిటికీ అద్దం కాదు, ఇనుము పాలు బాగా తక్కువగా ఉండే గాజు. చాలా ఏళ్లు దాన్ని దేశం మొత్తానికి గుజరాత్‌లోని భరూచ్ దగ్గర ఒకే ఒక్క పెద్ద కంపెనీ చేసింది. గాజుకూ సెల్‌కూ మధ్య జిగురులా అతుక్కున్న పొర ఈవీఏ. వెనక తెల్లటి షీటు. సెల్స్‌ని కలుపుతూ పోయే వెండిరంగు పట్టీ, రిబ్బన్. ఇవన్నీ ఏదో ఒక తంటా పడి తెచ్చుకోవచ్చు.

ఇప్పుడు ప్యానెల్‌ను తిప్పి, గాజు కింద కనిపించే నల్లటి చతురస్రం ఒకదాని మీద వేలు పెట్టండి. అదే సెల్. దాని అడుగున ఉన్న సిలికాన్ బిళ్ల, వేఫర్, 130, 140 మైక్రాన్ల మందం ఉంటుంది. రెండు తలవెంట్రుకలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. ప్యానెల్ అంటే అసలు అదే. మిగతాదంతా దానికి ఇల్లూ వాకిలీ.

బావగారు పత్తి మనిషి కదా, ఆయన భాషలోనే చెబుతాను. పాలీసిలికాన్ దూది. దాన్ని కరిగించి కడ్డీగా లాగితే ఇంగాట్, అది నూలు. కడ్డీని వజ్రపు పొడి అద్దిన తీగతో పలచగా కోస్తే వేఫర్, అది బట్ట. బట్టకు రసాయనాలు పట్టించి, వెండి గీతలు అచ్చువేస్తే సెల్, అది అద్దకం అయిన బట్ట. ఆ బట్టను కత్తిరించి చొక్కా కుట్టడమే ప్యానెల్. కన్సల్టెంటు మీకు అమ్మజూపుతున్నది కుట్టుమిషను. దర్జీ పనిని నేను చిన్నచూపు చూడటం లేదు, నేను 28 ఏళ్లు హైదరాబాద్ చుట్టుపక్కల ఆ దర్జీ పనే చేసి రిటైరయ్యాను. కానీ జిన్నింగ్ మిల్లు మనిషికి తెలియనిదా? ఊళ్లో దర్జీలు ఎక్కువై బట్ట తక్కువైతే ఎవడు బాగుపడతాడు?

కేంద్ర ప్రభుత్వం లెక్కలే చూడండి. 2025 మార్చి నాటికి మన దేశంలో ప్యానెళ్ల తయారీ సామర్థ్యం 74 గిగావాట్లు (గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు). సెల్స్‌ది 25. కడ్డీ, వేఫర్ కలిపి 2. అదే ఏడాది ఆగస్టుకల్లా ఏఎల్‌ఎంఎం జాబితాలో ప్యానెళ్లు 100 గిగావాట్లు దాటాయని మంత్రిగారు ప్రకటించారు. 2024-25లో దేశం మొత్తం మీద కొత్తగా బిగించిన సోలార్ 24 గిగావాట్ల లోపే. చివర ఉన్న దర్జీ దుకాణాలు వంద, అద్దకం మిల్లులు పాతిక, నూలు, బట్ట మిల్లులు రెండు, దూది ఇంకా పొరుగూరి నుంచే. మీకు డీసీఆర్ ప్యానెల్ టైముకి రాకపోవడానికి కారణం ఇదీ. డీసీఆర్ అంటే సెల్ కూడా ఇక్కడిదే అయ్యుండాలి. సెల్ లేకపోతే ప్యానెల్ ఫ్యాక్టరీలు ఎన్నుంటే ఏం లాభం? మీ సప్లయర్ దగ్గర మిషన్లు నిలబడే ఉంటాయి, సెల్స్ కోసం ఆయనా మీలాగే ఫోన్లు చేస్తుంటాడు. మీరు ఫ్యాక్టరీ పెడితే ఆ వరసలో ఇంకో ఫోను పెరుగుతుంది, అంతే.

ఇంతకన్నా చిక్కైన సంగతి ఇంకొకటుంది. 2026 జూన్ 1 నుంచి సెల్స్‌కు కూడా ఆమోదిత జాబితా నియమం అన్నారు. అంటే బయటి సెల్ తెచ్చి ఇక్కడ కుట్టే దారి ప్రభుత్వ పథకాల వరకూ మూసుకున్నట్టే. 2028 జూన్ నుంచి వేఫర్లకూ అలాగే పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. మరి ఇక్కడి సెల్ ఎవరు చేస్తున్నారు? హైదరాబాద్‌లో ప్రీమియర్, తిరునెల్వేలిలో టాటా, ముంద్రాలో అదానీ, గుజరాత్‌లోనే వారీ. వీళ్లందరూ ప్యానెళ్లు కూడా చేస్తారు. సెల్‌ని మీకు అమ్మడం కన్నా తమ ప్యానెల్లో పెట్టి అమ్ముకుంటే వాళ్లకు మిగులు ఎక్కువ. వాళ్లకు అక్కర్లేనప్పుడు, వాళ్లు చెప్పిన రేటుకు మీకొస్తుంది. సరుకు ఇచ్చేవాడూ, పక్కన కొట్టు పెట్టుకుని పోటీకి కూర్చున్నవాడూ ఒక్కడే అయితే ఆ వ్యాపారం ఎట్లా ఉంటుందో మీ బావగారికి నేను చెప్పక్కర్లేదు.

ఇక డబ్బు. మిషన్ల ఖర్చు గురించి కన్సల్టెంటు రంగుల పుస్తకం ఇచ్చే ఉంటాడు. అందులో లేని లెక్క నేను వేస్తాను. 100 మెగావాట్లంటే 550 వాట్ల ప్యానెళ్లు ఏడాదికి లక్షా ఎనభై వేల పైచిలుకు. 300 పనిదినాలైతే రోజుకు 600. వాటుకు 20 రూపాయలు అనుకుందాం, లెక్క సులువు కోసం. ఏడాదికి 200 కోట్ల సరుకు. సెల్స్‌కు ముందే డబ్బు కట్టాలి. మీరు మాత్రం మీలాంటి ఇన్‌స్టాలర్లకు అప్పు ఇవ్వాలి. మీ సంగతే తీసుకోండి, సబ్సిడీ పడేదాకా మీరు సప్లయర్‌కు పూర్తిగా కట్టారా? లైనులో, గోడౌనులో, బాకీల్లో కలిపి రెండు నెలల సరుకు ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుంది. అది 33 కోట్లు. మీ ఇద్దరి 6 కోట్లు షెడ్డు నేలకు ఎపాక్సీ వేసి, ఏసీలు పెట్టి, మార్జిన్ మనీ కట్టేసరికి అయిపోతాయి. ఈ 33 కోట్లు ఎవరిస్తారు? బ్యాంకు ఇవ్వాలి. ప్యానెళ్ల సామర్థ్యం పొంగిపోతోంది, చూసుకుని అప్పులివ్వండి అన్న ధోరణిలో 2025 చివర్లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ నుంచే ఆర్థిక సంస్థలకు సమాచారం వెళ్లింది. అప్పులు ఆపమనలేదని తర్వాత వివరణ ఇచ్చారనుకోండి. కానీ మన బ్రాంచి మేనేజరు సంగతి మీకు తెలుసు కదా, వివరణ కన్నా మొదటి మాటే ఆయన చెవిన పడుతుంది.

పోనీ ఇచ్చాడే అనుకోండి. ఆ రెండు నెలల సరుకు మీ చేతిలో ఉండగా మార్కెట్లో వాటుకు ఒక్క రూపాయి తగ్గితే మీకు కోటీ అరవై ఏడు లక్షలు పోయినట్టు. మీరు ఏ తప్పూ చేయకుండానే. ఒక్క ప్యానెల్ కూడా పగలకుండానే.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2011లో నేను పనిచేసిన ఫ్యాక్టరీ చైనాలో సెల్స్ ఆర్డరిచ్చింది. కంటైనర్లు చెన్నై రేవుకు చేరేలోపు రేటు పడిపోయింది. ఆ ఏడాదంతా అట్లాగే పడుతూ పోయింది. కొత్త సరుకు తెచ్చుకున్న పోటీదారులు మేం కొన్న ధర కన్నా తక్కువకు ప్యానెల్ అమ్ముతున్నారు. సెల్ అట్టపెట్టెలు స్టోర్లో పేర్చి ఉంటే మా యజమాని రోజూ సాయంత్రం వచ్చి ఆ వరసల ముందు నిలబడి, ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. మంచం మీద ఉన్న మనిషిని చూడ్డానికి వచ్చినట్టు ఉండేది. ఆరు నెలల తర్వాత మూడో షిఫ్టు ఆపేశాం. నా చేత్తో నలభై మూడు మందికి లెక్క కట్టి పంపాను. దేశంలో పేరున్న పెద్ద పెద్ద సెల్ కంపెనీలు కూడా ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. మోసర్ బేర్, ఇండోసోలార్ రెండూ చివరికి దివాలా కోర్టు దాకా వెళ్లాయి.

రెండో దెబ్బ మిషను వైపు నుంచి వస్తుంది. 2016లో మరో ఫ్యాక్టరీలో కొత్త స్ట్రింగర్ కొన్నాం. స్ట్రింగర్ అంటే సెల్స్‌ని వరసగా రిబ్బన్‌తో అతికే మిషను, లైనుకు గుండెకాయ. అప్పుడు సెల్ పక్క కొలత 156 మిల్లీమీటర్లు. ప్రపంచమంతా అదే. ఆ మిషను అప్పు ఇంకా తీరనే లేదు, 166 వచ్చింది. వెంటనే 182, 210 రెండూ. మా మిషను బెల్టు మీద 182 సెల్ పెట్టి చూస్తే అంచు బయటికి వేలాడుతోంది. పీటకు మించిన విస్తరి. ఆ పక్కన సెల్ రకమూ మారిపోయింది: మల్టీ పోయి మోనో పెర్క్ వచ్చింది, పెర్క్ పాతబడి ఇప్పుడు టాప్‌కాన్ నడుస్తోంది. మా స్ట్రింగర్‌ని కొన్న మూడున్నరేళ్లకు పాత ఇనుము వాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చాం. మోటార్లు మాత్రం విప్పి దాచుకున్నాం. మీ కన్సల్టెంటు చూపిస్తున్న లైను ఏ కొలతది, ఏ రకం సెల్‌కి? అది ఎన్నాళ్లు బతుకుతుందని ఆయన కాగితం మీద రాసిస్తాడు?

"మరి చైనా వాడికి ఇవన్నీ లేవా?" అని బావగారు అడుగుతారు. ఉన్నాయి. వాళ్లూ నష్టపోయారు, ఘోరంగా. కానీ వాళ్లది దూది నుంచి చొక్కా దాకా ఒక్క చేతి మీద నడిచే పని. అన్ని మెట్లలోనూ ప్రపంచంలో 80 శాతానికి పైగా వాళ్లదే. పాలీసిలికాన్ సంగతి ఒక్కటి చెబుతాను, మిగతాది అర్థమైపోతుంది. సిలికాన్‌ని వాయువుగా మార్చి, శుద్ధి చేసి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో సన్నని కడ్డీల మీద గంటల తరబడి పేరబెడతారు. పాలు తోడుపెట్టినట్టు, తొందరపడితే కుదరదు. కిలో తయారు కావడానికి 50, 60 యూనిట్ల కరెంటు తాగుతుంది. మన ఫ్యాక్టరీ రేటు యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే కరెంటుకే 350 నుంచి 420 రూపాయలు. 2022లో చైనాలో కిలో 300 యువాన్లు దాటిన పాలీసిలికాన్, 2024లో 40 యువాన్ల లోపుకు పడింది. మన రూపాయల్లో 470 అనుకోండి. అంటే వాళ్ల అమ్మకం ధరలో చాలా భాగం మనకు కరెంటు బిల్లుకే సరి. జీతాలు, వడ్డీ, ఫ్యాక్టరీ ఇంకా మొదలే కాలేదు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో చవగ్గా దొరికే బొగ్గు కరెంటే వాళ్లకు పునాదిరాయి. ఆ పని చేసే మనుషుల సంగతి వేరే కథ. బలవంతపు చాకిరీ అంటూ అమెరికా 2022 జూన్ నుంచి ఆ ప్రాంతపు సరుకును రానివ్వడం లేదు.

మన దగ్గర ఈ తెలివి లేదని కాదు. ఘజియాబాద్ పక్కన సాహిబాబాద్‌లో ప్రభుత్వరంగ సంస్థ సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ 1977లోనే సెల్ చేసింది, 1978లో ప్యానెల్ చేసింది. చైనా ఈ రంగంలో పేరెత్తక ముందు సంగతి. హైదరాబాద్‌లో కూడా తొంభైలలోనే ప్యానెల్ పని మొదలైంది. చేయడం చేతకాక వెనకబడలేదు, ఒక దారి పట్టుకుని పదేళ్లు నడవక వెనకబడ్డాం. నాకిప్పటికీ ఒళ్లు మండే విషయం ఒకటి చెబుతాను. 2010లో జాతీయ సోలార్ మిషన్ వచ్చింది. క్రిస్టలైన్ సిలికాన్ ప్యానెల్, అంటే మనం ఇప్పటిదాకా చెప్పుకున్న రకం, అయితే దేశంలో చేసిందే వాడాలన్నారు. బాగుంది. కానీ థిన్‌ఫిల్మ్ ప్యానెల్‌కి, అంటే సిలికాన్ బిళ్ల బదులు గాజు మీద పలచటి పూతతో చేసేదానికి, ఆ నియమం పెట్టలేదు. ఇంకేముంది, అమెరికా ఎగ్జిమ్ (ఎగుమతి-దిగుమతి) బ్యాంకు చవక వడ్డీకి అప్పిస్తే, ఆ డబ్బుతో అమెరికా థిన్‌ఫిల్మ్ తెచ్చి బిగించుకున్నారు. తలుపుకు తాళం వేసి కిటికీ తీసిపెట్టారు. అయినా 2013లో అదే అమెరికా మన నియమం మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి, 2016లో గెలిచింది.

2018 జులైలో 25 శాతం రక్షణ సుంకం వేశారు. రెండో ఏడాది తగ్గుతుంది, ఇంకా తగ్గుతుంది అని ముందే రాశారు. పెట్టుబడి పెట్టేవాడు ఏడేళ్లు చూస్తాడు, సుంకం రెండేళ్లు కనిపిస్తోంది. పైగా మన సెల్ ఫ్యాక్టరీల్లో పెద్ద భాగం అప్పట్లో సెజ్‌లలో (ప్రత్యేక ఆర్థిక మండళ్లలో) ఉంది. సెజ్ గేటు దాటి పక్క ఊరికి ప్యానెల్ అమ్మినా దిగుమతి కిందే లెక్క, కాబట్టి దేశీయ పరిశ్రమను కాపాడే ఆ సుంకాన్ని దేశీయ ఫ్యాక్టరీయే కట్టాల్సి వచ్చింది! మా గేటు దగ్గర వాచ్‌మన్ అడిగాడు, "సార్, మనం ఇండియా కాదా?" అని. ఏఎల్‌ఎంఎం సంగతీ అంతే: 2021లో వచ్చింది, 2023-24 ఏడాదికి పక్కన పెట్టారు, 2024 ఏప్రిల్ 1న మళ్లీ తెచ్చారు. పక్కన పెట్టినందుకు ప్లాంట్లు కట్టేవాళ్లు సంతోషించారు, ప్యానెల్ చేసేవాళ్లు తలపట్టుకున్నారు. ఇద్దరినీ ఒకేసారి సంతోషపెట్టే నిబంధన లేదు, ఎందుకంటే ఇక్కడ చేసిన ప్యానెల్ ఖరీదు ఎక్కువ, ఆ ఎక్కువ ఎవరో ఒకరు భరించాలి. ఇప్పుడు మీ కస్టమర్ భరిస్తున్నాడు, సబ్సిడీ రూపంలో ప్రభుత్వం కొంత సర్దుతోంది.

ఇప్పటి విధానం అప్పటికన్నా నయం. ముందు ప్యానెల్, తర్వాత సెల్, ఆ తర్వాత వేఫర్ అని మెట్టు మెట్టుగా తేదీలు వేసి చెబుతున్నారు. దేశానికి ఇది మంచిదే అంటాను. కానీ ఆ ఒక్కో మెట్టూ ఎక్కడానికి వేల కోట్లు కావాలి. పీఎల్‌ఐ మొదటి విడతలోనే కనీసం 1 గిగావాటు ప్లాంటు పెట్టేవాళ్లకే అన్నారు, అంటే మీ లైనుకు పదింతలు. అంత పెద్దవాళ్లకూ దారి పూలబాట కాదు. మన రాష్ట్రంలోనే పాలీసిలికాన్ నుంచి ప్యానెల్ దాకా చేస్తామని పీఎల్‌ఐ తీసుకున్న ఇండోసోల్ కోసం ఉలవపాడు మండలం కరేడులో భూసేకరణకు దిగితే, 2025లో రైతులు హైవే మీదికి వచ్చి కూర్చున్నారు. ఏడాదికి రెండు పంటలు పండే నేలను ఇచ్చేది లేదన్నారు. ఆ రైతులదీ తప్పు అనలేను.

అమెరికాకు ఎగుమతి అని కన్సల్టెంటు అంటే అక్కడే ఆపేయండి. మన ప్యానెళ్ల ఎగుమతి దాదాపు మొత్తం అమెరికాకే పోయేది, చైనా సరుకును వాళ్లు ఆపారు కాబట్టి. 2025 జులైలో అక్కడి తయారీదారులు మన మీద కూడా డంపింగ్ (సరుకును మరీ చవగ్గా తెచ్చి పోస్తున్నారన్న) ఫిర్యాదు చేశారు, ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరింది. అక్కడికి పోవాల్సిన పెద్దవాళ్ల సరుకు ఇక్కడికి మళ్లితే రేటు కోత మొదట తగిలేది చిన్న లైన్లకే.

ఇక ఆ కన్సల్టెంటును బావగారి ఎదురుగానే కూర్చోబెట్టి మాట్లాడండి. ఆయనకు ఫీజు మీరిస్తున్నారా, మిషన్లు అమ్మే కంపెనీ ఇస్తోందా? సెల్స్ ఇస్తామని ఏ తయారీదారైనా సంతకం పెట్టిన కాగితం ఉందా, నెలకు ఎన్ని, ఏ రేటుకు? ఏఎల్‌ఎంఎంలో పేరు రావాలంటే ముందు ఫ్యాక్టరీ కట్టి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ తెచ్చుకుని, తనిఖీకి వచ్చినవాళ్లకు లైను నడిపి చూపించాలి. పేరు జాబితాలో పడేదాకా మీ సొంత కుర్రాళ్లు కూడా మీ ప్యానెల్‌ను సూర్యఘర్ ఇంటి మీద బిగించలేరు. ఆ నెలల వడ్డీ ప్రాజెక్టు రిపోర్టులో ఏ పేజీలో ఉంది? నేను చూసిన రిపోర్టుల్లో చాలావాటిలో ఆ పేజీ ఉండదు. ఉత్పత్తి మొదటి ఏడాదే 80 శాతం అని మాత్రం బోల్డు అక్షరాల్లో ఉంటుంది.

అక్క సంగతి. కాదనడానికి మొహమాటపడి "ఆలోచిద్దాం" అని నాన్చకండి. బావగారు ఆ మాటను ఒప్పుకోలుగా తీసుకుని ఇంకో నలుగురికి చెబుతారు. పొలం అమ్మేది లేదని చెప్పండి. పొలం మీదో మీ అక్కదో కాదు, అమ్మది కదా. ఆ మాట అమ్మ నోటి నుంచే వస్తే అక్కకు మీ మీద కోపం రాదు. కానీ కాదు అనడంతో ఆగితే బావగారి ఖాళీ షెడ్డు అలాగే ఖాళీగా ఉంటుంది, ఆయన ఇంకో కన్సల్టెంటును వెతుక్కుంటారు. కాబట్టి ఆయనకు ఒక పని చూపించండి.

ఆ షెడ్డు మీ ఇద్దరికీ పనికొస్తుంది. మీరు ఇళ్ల మీద వేసే స్టాండ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు? జీఐ పైపులు, సీ-చానళ్లు కోసి, రంధ్రాలు వేసి, మన డాబా కొలతలకు సరిపడా తయారు చేసే పనికి సెల్ అక్కర్లేదు, జాబితాలో పేరు అక్కర్లేదు, చైనా రేటు పడిపోతే గుండె ఆగదు. ఏసీడీబీ, డీసీడీబీ అనే ఫ్యూజులు, స్విచ్చుల డబ్బాలు బిగించి వైరింగ్ చేసి ఇవ్వడం ఇంకొకటి. మన రాష్ట్రంలో నియోజకవర్గానికి 10 వేల ఇళ్లకు సోలార్ అని లక్ష్యం పెట్టుకున్నారు, అందులో సగం జరిగినా స్టాండ్లు ఎవరో ఒకరు చేయాలి. 40, 50 లక్షల్లో మొదలవుతుంది, పోతే బావగారి 4 కోట్లు పోవు. జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్లను, వెల్డర్లను పని చేయించిన మనిషికి ఇది కొత్త కాదు. మొదట మీ పనికి కావలసినవి మీరే ఆ షెడ్డు నుంచి కొనండి. తర్వాత మీలాంటి ఇంకో పది మంది ఇన్‌స్టాలర్లు. లాభం ప్యానెల్ ఫ్యాక్టరీ అంత గొప్పగా వినపడదు. పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి బాగుండదు, ఒప్పుకుంటాను.

ఆ 2013 ఆసామి గురించి. ఆయనకు వారంటీ ఇచ్చిన కంపెనీ ఏదో నేను అడగను, అలాంటివి చాలా ఉన్నాయి, నేను పనిచేసినవాటిలోనూ ఒకటుంది. 25 ఏళ్ల మాట ఇచ్చి ఐదో ఏడు మూతపడ్డవి. మీరు లైను పెట్టి ఉంటే అలాంటి కార్డుల మీద రోజుకు 600 సంతకాలు మీవి అయ్యేవని ఒక్కసారి గుర్తుంచుకోండి. ఇప్పుడు ఆయనకు చేయగలిగింది ఉంది. మధ్యాహ్నం ఎండలో వెళ్లి ఇన్వర్టర్ ఆపి, ఒక్కో ప్యానెల్ కనెక్టర్ విప్పి మల్టీమీటర్ పెట్టండి. ఆ కాలపు 60 సెల్స్ ప్యానెల్‌కు 33 నుంచి 37 వోల్టుల దాకా రావాలి, వేడెక్కిన కొద్దీ తగ్గుతుంది. ఏదైనా ప్యానెల్ 22, 25 దగ్గర ఆగితే జంక్షన్ బాక్సులో ఒక బైపాస్ డయోడ్ కాలి షార్టయి ఉంటుంది, మూడోవంతు ప్యానెల్ పడుకున్నట్టు. డబ్బా మూత తెరుచుకునే రకమైతే డయోడ్ విప్పి అదే రేటింగుది పెట్టండి, చిల్లర ఖర్చు. జిగురు పోసి మూసేసిన డబ్బా అయితే డబ్బా మొత్తం మార్చాలి. వోల్టేజీ సరిగానే ఉండి కరెంటు తగ్గితే ముందు కడగమనండి, అద్దం కింద పసుపు రంగు తిరిగిందేమో చూడండి. తిరిగితే దానికి మందు లేదు. చూసినందుకు ఫీజు తీసుకోండి. ఊరికే చూస్తే వచ్చే వారం వాళ్ల తమ్ముడు ఫోన్ చేస్తాడు.